ఖోర్ ఫక్కాన్ బావగారు

షార్జా అల్ నహ్దాలో నలుగురు తెలుగువాళ్లున్న ప్రతి బిల్డింగులోనూ ఒక బావగారుంటారు. ఎవరికి బావో ఎవరికీ తెలీదు. అక్కయ్యగారు సైతం నలుగురిలో ఆయన్ని అలాగే పిలుస్తుంది. ‘శనివారం ఖోర్ ఫక్కాన్. ఊరికే అలా రిలాక్సై వద్దాం’ అని వాట్సాప్‌లో ఆయన మెసేజ్ పడిందా, ఆ వారం ఎవరికీ నిద్ర లేనట్టే.

పులిహోర ఎవరు, చికెన్ ఫ్రై ఎవరు, చాపలు ఎవరు... క్షణాల్లో పంపకాలైపోతాయి. తెల్లవారుజామున నాలుగున్నరకల్లా కార్లు కదలాలి. ‘సూర్యుడు సముద్రంలోంచి రావాలండీ, మన కాకినాడలో లాగా!’ మాట నిజమే. దుబాయ్, షార్జా బీచుల్లో సూర్యుడు నీళ్లలో మునుగుతాడు. నీళ్లలోంచి లేవడం చూడాలంటే హజర్ కొండలు దాటి ఒమాన్ గల్ఫు ఒడ్డుకు పోవాల్సిందే. తీరా అందరూ లిఫ్టు దిగేసరికి ఏడున్నర. సూర్యుడు ఆగడు. బావగారు మాత్రం వెనకబడ్డ కారు కోసం ప్రతి పెట్రోలు బంకు దగ్గరా ఆగుతారు.

2019లో తెరిచిన ఖోర్ ఫక్కాన్ రోడ్డు మీద 5 సొరంగాలున్నాయి. ఒక్కోటీ తనే తవ్వించినట్టు నంబరు చెబుతారు. ‘దారిలో ఒక్క సాలిక్ టోల్ గేటు కూడా లేదు, చూశారా’ అని మిగిలిన దిర్హాములు మన చేతిలో పెట్టినంత సంబరపడతారు. చుట్టూ ఫుజైరా, మధ్యలో ఖోర్ ఫక్కాన్ మాత్రం షార్జాదేమిటని పిల్లలడిగితే, ‘మన యానాం పుదుచ్చేరిది కాదూ?’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఇంతకన్నా బాగా ఏ గైడూ చెప్పలేడు, అది ఒప్పుకోవాలి.

బీచిలో దిగాక అసలు పని మొదలు. గాలి ఎటుందో చూసి చాప పరిపిస్తారు, పరిచాక ఇంకోచోటికి మార్పిస్తారు. నాలుగు మూలలా నాలుగు నీళ్ల క్యాన్లు. ప్యాంటు రెండు మడతలు పైకి పెడతారు గానీ సాక్సులు విప్పరు. నీళ్లలోకి రమ్మంటే, ‘తాళాలూ ఫోన్లూ ఎవరు చూస్తారండీ?’ అంటూ ఉబ్బిన జేబులు తడిమి చూపిస్తారు. ఈత రాదని నా అనుమానం. ‘మోకాళ్ల దాకానే!’ అని ఒడ్డు నుంచి ఆయన కేక, నడుముల్లోతు నీళ్లలో ఆడుతున్న అక్కయ్యగారికి వినబడనే వినబడదు.

రాత్రి ఇల్లు చేరకముందే తలకెంతో ఫిల్సులతో సహా లెక్క గ్రూపులో పడిపోతుంది. ఆదివారం పొద్దున్నే ఇంకో మెసేజ్: ‘నిన్న హడావుడిలో సముద్రం సరిగ్గా చూళ్లేదు. ఎవరైనా వీడియో తీసుంటే పెట్టండి.’

అందరూ పెట్టారు. అన్నిట్లోనూ సముద్రానికి అడ్డంగా నిలబడి, పేపర్ ప్లేట్లు లెక్కపెడుతూ బావగారే.