దొడ్డి నుంచి దారికి

నడిచి నడిచి అరిగిన బండిని బాగుచేయడం సులువు. ఎక్కడ అరిగిందో దాని చప్పుడే చెప్పేస్తుంది. నిలబడి చెడిపోయిన బండి మాత్రం నోరు విప్పదు. ఇంజను బోరుకు తుప్పు ఎంత పట్టిందో, బ్రేకు పైపుల్లో ఏం మిగిలిందో, ట్యాంకు అడుగున ఏం పేరుకుందో విప్పి చూసేదాకా ఎవరికీ తెలియదు. 1998 నుంచి బిజినేపల్లిలో ఒక ఇంటి వెనకాల, పశువుల దొడ్డిలో అలా నిలబడిపోయిన అంబాసిడర్‌ని నేను. నా కథ చెప్పాలని ఎందుకుందంటే, నాలాంటి బండ్లు పాలమూరు పల్లెల్లో పాత మిల్లుల వెనక, తాళాలేసిన ఇళ్ళ పక్కన ఇంకా ఉన్నాయి. వాటిని చూసి ‘ఇక ఇది లేవదు’ అనేవాళ్ళు ఒక్కసారి నన్ను చూడాలి.

నేను పుట్టింది పశ్చిమ బెంగాల్‌లో, ఉత్తర్‌పారాలోని హిందుస్తాన్ మోటార్స్ కార్ఖానాలో. సంవత్సరం 1972. ఇంగ్లండులో 1950లలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ మా వంశానికి మూలం. ఆ రూపంతోనే 1958లో అంబాసిడర్ మొదలై, పేర్లు, గ్రిల్లులు, ఇంజన్లు మార్చుకుంటూ 2014 మే దాకా వచ్చింది. నేను మార్క్ టూని. ముక్కు మీద సన్నగళ్ళ గ్రిల్లు, 1489 సీసీ పెట్రోలు ఇంజను, స్టీరింగ్ పక్కనే గేరు కర్ర, ముందు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే బెంచీ సీటు. డబ్బులు చేతిలో ఉన్నా కారు కోసం ఏళ్ళకేళ్ళు ఎదురుచూసిన కాలమది. అందుకే నేను ఊళ్ళోకి వచ్చిన రోజు మా పెద్దాయన ఇంటి ముందు జాతరలా జనం చేరారు.

పెద్దాయనది పల్లికాయ, ఆముదాల వ్యాపారం. బాదేపల్లి మార్కెట్, నాగర్‌కర్నూల్, వనపర్తి, మహబూబ్‌నగర్: నా దారులన్నీ ఆ నాలుగు ఊళ్ళ మధ్యే. శనివారాలు నందివడ్డెమాన్ శనేశ్వరుడి గుడికి, ఉత్సవాలకు వట్టెం గుట్టకు, దీపావళి వెళ్ళాక కురుమూర్తి జాతరకు పోయేదాన్ని. కానీ నాకు బాగా గుర్తున్నవి రాత్రి ప్రయాణాలు. నొప్పులు పడుతున్న ఆడమనిషిని వెనక సీట్లో పడుకోబెట్టి మహబూబ్‌నగర్ ఆసుపత్రికి తీసుకుపోవడం. ఆ చుట్టుపక్కల ఇంకో కారు లేదు. ఎవరు వచ్చి తలుపు కొట్టినా పెద్దాయన లేచి తాళంచెవి తీసేవాడు, పెట్రోలు పైసలు అడిగేవాడు కాదు. బస్టాండు దగ్గర మూటలతో, పసిపిల్లలతో వలస బస్సుల కోసం నిలబడ్డ కుటుంబాలను దాటుకుంటూ పోయేవాళ్ళం. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు లేబర్ అక్కడుండేది. మా వీధిలోనే ఆరు నెలలు తాళం పడి ఉండే ఇళ్ళు ఎన్నో.

పెద్దాయన 1998లో పోయాడు. కొడుకులు అప్పటికే హైదరాబాద్ చేరారు. ‘మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాం’ అని నన్ను దొడ్డిలోకి నెట్టి రేకులు కప్పారు. పెట్రోలు తీయలేదు, నీళ్ళు వదల్లేదు, బ్యాటరీ విప్పలేదు. బండిని నిలబెట్టేటప్పుడు చేయాల్సిన ఆ మూడు పనులు ఎవరైనా చేసి ఉంటే నాకు పట్టిన తుప్పులో సగం పట్టేది కాదు. ట్యాంకులో పెట్రోలు ఆవిరై అడుగున వార్నిష్‌లా బంకగా మిగిలింది. బ్యాటరీ కారి కింద రేకు తిన్నది. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమతో వీల్ సిలిండర్లు నాలుగు చక్రాలకూ పట్టేశాయి. ఎలుకలు బోనెట్ కింద వైర్లు కొరికి, సీటు పీచుతో గూడు కట్టుకున్నాయి. తరువాత కల్వకుర్తి ఎత్తిపోతల కాలువల్లో నీళ్ళు వచ్చి దొడ్డి వెనక మెట్టచేను వరిమడి అయింది. ఊళ్ళో తాళాలు తెరుచుకున్నాయి, ఎంతో సంతోషించాను. నా అడుగు రేకుకు మాత్రం ఆ చెమ్మ బాగా తగిలింది.

చివరికి నన్ను కొన్న పిల్లోడిది ఈ మండలమే. వనపర్తి కృష్ణదేవరాయ పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి, నాగర్‌కర్నూల్ రోడ్డు మీద ట్రాక్టర్లు రిపేరు చేసే షెడ్డు పెట్టుకున్నాడు. అతనికంటే ముందు పాత ఇనుప సామాను కొనేవాడొకడు వచ్చి, వెయ్యి కిలోలు దాటుతుందని అంచనా కట్టి, కిలో లెక్కన ధర చెప్పి పోయాడు. ఈ పిల్లోడు వచ్చి బోనెట్ ఎత్తలేదు. నేల మీద వెల్లకిలా పడుకుని స్క్రూడ్రైవర్ పిడితో నా అడుగంతా తట్టుకుంటూ పోయాడు. ఖణ్ మన్నచోట ముందుకు కదిలాడు, మెత్తగా మోగినచోట సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. లారీకి ఉన్నట్టు మాకు విడిగా ఛాసీ ఉండదు, బాడీయే బలం. డోర్ల కింది పట్టీలు, స్ప్రింగులు పట్టుకునే చోట్లు కుళ్ళితే ఇంజను ఎంత బాగున్నా ఆ బండి దండగే. ఇంజను రేపు చేసుకోవచ్చు, రేకు ముందు చూడాలి. పాత బండి కొనేవాళ్ళెవరైనా ఆ పిల్లోడిలాగే చూడాలంటాను.

ధర కుదిరాక ఇంటికి పోయి తల్లికి చెప్పాడు. “తూకానికి పోయేదాన్ని పైసలు పెట్టి కొన్నవా కొడుకా?” అందావిడ. మర్నాడు తనే వచ్చి చూసి, వెనక తలుపు పిడి పట్టుకుని కాసేపు నిలబడి, “దీంట్లనే మా అక్కను దవఖానకు తీస్కపోయిన్రు” అని వెళ్ళిపోయింది. తరువాత ఆమె అడ్డు చెప్పలేదు.

కాగితాల పని తక్కువేం కాదు. ఆర్‌సీ చనిపోయిన మనిషి పేరు మీద, మహబూబ్‌నగర్ ముద్రతో ఉంది. 2016 అక్టోబరు నుంచి మాది నాగర్‌కర్నూల్ జిల్లా. ముందు ఫారం 31తో వారసుడి పేరుకు, ఆ తరువాత 29, 30 ఫారాలతో ఈ పిల్లోడి పేరుకు మార్చుకోవాలి. సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. అది దాటితే ఫారం 25 పెట్టి, బండిని చూపించి, అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. ఛాసీ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు ఒక్కొక్కటే తేలాయి. తుప్పు కింద అవి చెరగకపోవడం నా అదృష్టం. ఇంకో దారి కూడా ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని బండిని వింటేజ్‌గా రాయించుకోవచ్చు. 20,000 రూపాయల ఫీజు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు, పదేళ్ళ గడువు. కానీ అలా రాయిస్తే ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తప్ప రోజూ రోడ్డెక్కకూడదు. పిల్లోడు వద్దన్నాడు. హైదరాబాద్ చౌమహల్లాలో పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఉంది; 1911లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చి, అది చేరకముందే కన్నుమూశాడు. అలాంటి దాన్ని జనం నిలబడి చూడాలి, న్యాయమే. నేను జనాన్ని ఎక్కించుకుని తిరిగిన బండిని. నాకు చూపు అక్కర్లేదు, దారి కావాలి.

షెడ్డుకు చేరాక పిల్లోడికి చెయ్యి ఆగలేదు. కొత్త బ్యాటరీ తెచ్చి తగిలించబోయాడు. అప్పుడు మహబూబ్‌నగర్ నుంచి, చాచా అని పిలిచే పాత మెకానిక్ వచ్చాడు. జీవితమంతా అంబాసిడర్లు, జీపులు విప్పిన చేతులవి.

“చాచా, ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూద్దామా?”

“కొడ్తవ్ బేటా. లోపల రింగులు పట్టేసుంటే? వాల్వు జామ్ అయి ఉంటే పుష్‌రాడ్ వంగుతది. ఇన్నేండ్లు ఆగింది, ఇంకొన్ని దినాలు ఆగనియ్.”

నాలుగు ప్లగ్గులూ విప్పి, డీజిలు, ఇంజనాయిలు కలిపి ఒక్కో బోరులో పోశాడు. రోజూ వచ్చి ఇంకొంచెం పోసి, నన్ను నాలుగో గేరులో పెట్టి చేత్తో వెనక్కీ ముందుకూ ఊపేవాడు. బలం పెట్టేవాడు కాదు. అసలు విద్య అక్కడే ఉంది. తొందరపడి గడ్డపారతో తిప్పితే రింగు విరిగి బోరు గీసుకుపోతుంది. అప్పుడు ఖరాదు పని తప్పదు. ఒక పొద్దున ఊపులో ఏదో వదులైంది. ముందు బంపరు సందులోంచి హ్యాండిల్ దూర్చి మెల్లగా తిప్పాడు. క్రాంకు ఒక చుట్టు పూర్తిగా తిరిగింది. చాచా “బిస్మిల్లా” అన్నాడు, పిల్లోడు వచ్చి హ్యాండిల్ తను పట్టుకున్నాడు.

సంపు విప్పితే అడుగున నల్ల బురద. దాన్ని గీకి, కొత్త నూనె పోసి, రాకర్ కవర్ తెరిచిపెట్టి, రాకర్ షాఫ్టు మీదికి నూనె ఎగబాకి మెరిసేదాకా ప్లగ్గులు లేకుండానే తిప్పారు. ఆ నూనె చేరకుండా మంట పుట్టిస్తే బేరింగులు పొడిగా తిరుగుతాయి. ట్యాంకు దించి, లోపల గులకరాళ్ళు, సోడా నీళ్ళు పోసి ఇద్దరూ చెరోవైపు పట్టి చాలాసేపు ఊపారు. ఎర్రటి తుప్పునీళ్ళు పోయి తెల్లనీళ్ళు వచ్చేదాకా ఆపలేదు. వీల్ సిలిండర్లకు కిట్లు రాణిగంజ్‌లో దొరికాయి. 5.90-15 టైర్లకు తిరగాల్సి వచ్చింది గానీ దొరికాయి. రేడియేటర్ వేరే కడిగించారు. కుళ్ళిన రేకు కోసి, కొత్త రేకు అతికించారు. ఈ పనులన్నీ ఎవరైనా చేయగలరు, ఓపిక ఉంటే చాలు.

కార్బొరేటర్ మాత్రం అందరి పని కాదు. నాది ఎస్‌యూ. పైన గంటలాంటి డబ్బాలో ఒక పిస్టను, దానికి వేలాడే సన్నటి సూది, ఆ సూది దిగే జెట్టు. ఇంజను పీల్చే గాలిని బట్టి పిస్టను లేస్తుంది, సూది లేస్తుంది, అంతే కొలతలో పెట్రోలు అందుతుంది. చాచా విప్పి, కడిగి, బిగించి, పిస్టను వేలితో పైకెత్తి వదిలాడు. చప్పుడు లేకుండా దిగింది. “లేదు, జెట్టు వంకరున్నది” అని మళ్ళీ వదులు చేశాడు. కొంచెం జరిపాడు, బిగించాడు, వదిలాడు. మళ్ళీ, మళ్ళీ. చివరికి పిస్టను ‘టక్’ మని శుభ్రంగా కూర్చుంది. “ఇన్నవా? గా సప్పుడు రావాలె” అని పిల్లోడి చేతికిచ్చి, మొత్తం వదులు చేసి, ఇప్పుడు నువ్వు చెయ్యమన్నాడు. పిల్లోడు సాయంత్రందాకా కూర్చున్నాడు. నన్ను బతికించింది ఆ సాయంత్రమే అని నా నమ్మకం. విడిభాగం విజయవాడ ఆటోనగర్‌లో వెతకొచ్చు, కలకత్తా మల్లిక్ బజార్ నుంచి తెప్పించుకోవచ్చు. ఆ ‘టక్’ చెవికి పట్టినవాళ్ళు పోతే ఎక్కడి నుంచి తెప్పిస్తారు? చాచాకు షెడ్డు లేదు, శిష్యులు లేరు, ఈ పిల్లోడొక్కడే.

డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు ఎమెరీ కాగితంతో దిద్ది, పదిహేను థౌ గ్యాపు పెట్టి, బల్బు తగిలించి టైమింగ్ కట్టారు. ట్యాంకును నమ్మకుండా సీసాలో పెట్రోలు పోసి పైకి వేలాడదీశారు. చోక్ గుంజి సెల్ఫ్ కొడితే మొదట సైలెన్సర్‌లోంచి ఎలుకగూడు పీచు ఎగిరిపడింది. తరువాత ఒక సిలిండరు, ఆ వెంట మూడు, ఆఖరుకు నాలుగూ అందుకున్నాయి. పోసిన డీజిలంతా తెల్లపొగై రోడ్డు కమ్మేసింది. బస్సు దిగినవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. పిల్లోడి తల్లి కొబ్బరికాయ కొట్టింది.

ఇప్పుడు నాకున్న భయం పెట్రోలు గురించే. నా కాలపు పెట్రోల్లో సీసం ఉండేది. నా పోత ఇనుప వాల్వు సీట్లు అరగకుండా అదే కాపాడేది. 2000 నుంచి దేశమంతా సీసం తీసేశారు, మనుషుల ఆరోగ్యానికి అది సరైన పనే. ఇప్పుడు బంకుల్లో నూటికి 20 పాళ్ళ ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. పాత రబ్బరును, కార్కు వాషర్లను ఇథనాల్ మెత్తబరుస్తుంది, తేమను లాగి ట్యాంకులో మళ్ళీ తుప్పు పుట్టిస్తుంది. అందుకే పిల్లోడు పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునేవి వేశాడు, పంపు డయాఫ్రం మార్చాడు, ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచకుండా వారం వారం నడుపుతున్నాడు. నిలబెడితే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు.

పోయిన శనివారం నందివడ్డెమాన్ పోయి వచ్చాం. చాచా ముందు బెంచీ మీద కిటికీ పక్కన, పిల్లోడి తల్లి, చిన్నమ్మలు వెనక. గుంతల్లో టార్షన్ బార్లు పాత పద్ధతిలోనే మెత్తగా ఊపాయి. మూడో గేరులోంచి రెండుకు వచ్చేటప్పుడు కొంచెం గరగర ఉంది, క్రాంకు వెనక నూనె చుక్కలు పడుతున్నాయి. వాల్వు సీట్లు ఇంకా పాతవే. దసరాలోపు హెడ్డు దించి, మహబూబ్‌నగర్ లేత్‌లో గట్టి సీట్లు వేయించాలని ఇద్దరూ అనుకున్నారు. అప్పటిదాకా ముల్లు యాభై దాటనీయొద్దని చాచా గట్టిగా చెప్పాడు, పిల్లోడు దాటనీయడం లేదు.