వారంటీ తీరిన వైభోగం

జర్మన్ లగ్జరీ ఎస్‌యూవీ జర్మనీలోనే పుట్టాలన్న నియమం ఏమీ లేదు. బీఎండబ్ల్యూ ఎక్స్5 1999లో మొదలైన నాటి నుంచీ అమెరికాలోని సౌత్ కరోలినాలో, స్పార్టన్‌బర్గ్ ఫ్యాక్టరీలో తయారవుతోంది. మెర్సిడెస్ 1997లో తెచ్చిన ఎం-క్లాసు పుట్టిల్లు అలబామా. ఆడీ క్యూ7ది స్లొవేకియా. మన రోడ్ల మీద తిరిగేవాటిలో ఎక్కువ భాగం విడిభాగాలుగా వచ్చి చెన్నైలోనో, పుణె పక్కన చాకన్‌లోనో, ఔరంగాబాద్‌లోనో బిగించుకున్నవి. ఇన్ని దేశాల చేతులు పడ్డా బిల్లు మాత్రం అచ్చమైన జర్మన్ క్రమశిక్షణతో వస్తుంది. ప్రతి బోల్టుకూ, ప్రతి వాషరుకూ ఒక పార్టు నంబరు, ఒక ధర, దాని మీద జీఎస్టీ.

ఈ బండ్ల మన్నిక గురించి లోకంలో రెండు అభిప్రాయాలున్నాయి. జర్మన్ ఇంజనీరింగ్ కాబట్టి ఢోకా లేదన్నది ఒకటి. ఇది షోరూము సోఫాలో కూర్చున్నవారిది. చచ్చినా కొనకు అన్నది రెండోది. ఇది సర్వీస్ సెంటరు సోఫాలో కూర్చున్నవారిది. ఇద్దరూ మాట్లాడేది ఒకే బండి గురించి. తేడా అల్లా దాని వయసులో ఉంది.

అమెరికాలో జె.డి. పవర్ సంస్థ మూడేళ్ళు వాడిన కార్ల యజమానులను అడిగి, నూరు కార్లకు ఎన్ని ఇబ్బందులు వచ్చాయో లెక్క కడుతుంది. ఆ పట్టికలో పైవరసన జపాన్ లెక్సస్ తరచూ కనిపిస్తుంది. అయితే ఆ లెక్కలో గేర్‌బాక్సు పోయినా ఒక ఇబ్బందే, ఫోను బ్లూటూత్‌కు అందకపోయినా ఒక ఇబ్బందే. పైగా మూడేళ్ళ బండికి అసలు పరీక్షలు ఇంకా మొదలే కాలేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మనవాళ్ళు చాలామంది ఈ బండిని కొనరు, మూడేళ్ళ లీజుకు తీసుకుంటారు. బీఎండబ్ల్యూ అక్కడ కొత్త కారుకు ఇచ్చే ఉచిత సర్వీసు కూడా మూడేళ్ళు లేదా 36,000 మైళ్ళు. లీజూ, ఉచిత సర్వీసూ ఒకే వారంలో తీరిపోతాయి. తాళం చెవి వెనక్కిచ్చేసి ఇంకో కొత్తది ఎక్కేవాడికి ఇంతకన్నా నమ్మకమైన వాహనం ప్రపంచంలో లేదు. ఈ వ్యాసం అతని గురించి కాదు. అలాంటి బండినే మన దేశంలో పాతది ముచ్చటపడి కొనుక్కున్న రెండో యజమాని గురించి.

కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న సామెత ఈ బండ్ల కోసమే పుట్టినట్టుంటుంది. మన దేశంలో పెద్ద ఎస్‌యూవీ మీద 28 శాతం జీఎస్టీ, 22 శాతం సెస్సు కలిపి 50 శాతం పన్ను ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతమైంది. దాని మీద రోడ్డు ట్యాక్సు, ఆపైన బీమా. అమ్మేటప్పుడు వీటిలో ఏదీ వెనక్కి రాదు. షోరూములో ఎనభై లక్షలు పలికిన బండి ఏడెనిమిదేళ్ళకు కొత్త ఇన్నోవా కంటే తక్కువకు దొరికిందనుకుందాం. రెండో యజమాని బేరం గెలిచానని సంబరపడతాడు. బండి ధర పడిపోయిన మాట నిజమే, కానీ ఆ సంగతి దాని గేర్‌బాక్సుకు ఎవరూ చెప్పలేదు. హెడ్‌లైటు ఇప్పటికీ తాను ఎనభై లక్షల కారు హెడ్‌లైటుననే అనుకుంటుంది. అందులో నీరు చేరితే బల్బు మార్చి ఊరుకునే వీలుండదు, చాలాసార్లు దీపం మొత్తం మార్చాలి. ఆ ఒక్క దీపం ధరకు మంచి మోటార్‌సైకిల్ వస్తుంది. ఇన్నోవా డబ్బుతో కొన్న బండిని ఎనభై లక్షల డబ్బుతో పోషించాలన్న లెక్క కొన్న రోజున ఎవరికీ తట్టదు.

ఈ బండ్లలో ఉక్కు చెడిపోదు, అది ఒప్పుకోవాలి. బాడీ, ఛాసిస్, తలుపు మూసినప్పుడు వినిపించే ఆ గంభీరమైన 'ధబ్' శబ్దం ఇరవై ఏళ్ళయినా చెక్కుచెదరవు. చెడిపోయేది ఉక్కు చుట్టూ ఉన్న ప్లాస్టిక్కూ, రబ్బరూ. కూలెంటు పైపుల మొనలు, థర్మోస్టాట్ తొడుగు, వాల్వ్ కవర్ గ్యాస్కెట్ ఏళ్ళ తరబడి ఇంజను వేడికి ఎండీ ఎండీ, ఒకరోజు మెకానిక్ వేలు తగలగానే అప్పడంలా విరుగుతాయి. ఈ సత్యం బీమా కంపెనీలకు ముందే తెలుసు. జీరో డిప్రిసియేషన్ తీసుకోకపోతే క్లెయిములో ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకు సగం కోత పెడతాయి.

వీటన్నిటిలోకీ ఘనమైనది ఎయిర్ సస్పెన్షన్. ఉక్కు స్ప్రింగుల బదులు రబ్బరు గాలిసంచుల మీద బండి నిలబడుతుంది. కొన్ని క్యూ7, జీఎల్ఈ, కయెన్‌లలో నాలుగు చక్రాలకూ, కొన్ని ఎక్స్5లలో వెనక చక్రాలకు మాత్రమే ఈ ఏర్పాటు. గుంత వస్తే తెలియదు, అయిదుగురు ఎక్కినా కుంగదు, మీట నొక్కితే లేస్తుంది. సంచి మడత పడేచోట కాలక్రమేణా సన్నని పగుళ్ళు వస్తాయి. పగలు గాలి పోతూనే ఉంటుంది, కంప్రెసరు నింపుతూనే ఉంటుంది, కాబట్టి యజమానికి ఏమీ తెలియదు. రాత్రి నింపేవాళ్ళుండరు. తెల్లవారి అపార్టుమెంటు సెల్లారులో మొదట చూసేది వాచ్‌మన్. "సార్, మీ బండి ఒక పక్కకి కూర్చుంది," అని ఇంటర్‌కమ్‌లో చెబుతాడు. యజమాని దిగివచ్చి స్టార్టు చేయగానే అది బుసబుసమంటూ లేచి నిలబడుతుంది. లేచింది కదా అని ఆయన ఆఫీసుకు వెళ్ళిపోతాడు. అసలు నష్టం అక్కడ మొదలవుతుంది. చిల్లుపడ్డ సంచిని నింపడానికి కంప్రెసరు విశ్రాంతి లేకుండా తిరిగి తిరిగి వేడెక్కి కాలిపోతుంది. ఒక సంచితో పోయేది సంచీ, కంప్రెసరూ, దాని రిలే అవుతుంది. ఒక వైపు మార్చాక రెండోదీ అదే వయసుది గనక అదీ మార్చమంటారు. ఆ సలహా సరైనదే. ఈ బండ్ల విషయంలో సర్వీసువాళ్ళ సలహాల్లో చాలా భాగం సరైనవే కావడం యజమానికి ఇంకో బాధ.

సర్వీస్ సెంటరులో వినిపించే మాటలన్నిటిలోకీ ఖరీదైనది "ఎలాగూ విప్పాం కదా సార్" అన్నది. బీఎండబ్ల్యూ ఆరు సిలిండర్ల ఎన్57 డీజిల్ ఇంజనులో టైమింగ్ చెయిను ముందు వైపు కాక వెనక, గేర్‌బాక్సు వైపు ఉంటుంది. చెయిను సాగితే మార్చడానికి ఇంజనో, గేర్‌బాక్సో దించాలి. అంత పెద్ద ఇంజను గాల్లో వేలాడుతుండగా అడ్వయిజరు ఫోను చేస్తాడు. "ఎలాగూ విప్పాం కదా సార్, గైడ్లు, సీళ్ళు, మౌంట్లు కూడా వేసేద్దామా?" వద్దనడానికి గుండె కావాలి, సరేననడానికి బ్యాంకు కావాలి. మళ్ళీ బిగించేటప్పుడు పాత బోల్టులు పనికిరావు. అల్యూమినియం బోల్టులు చాలావరకు ఒకసారి బిగిస్తే సాగిపోయే రకం, విప్పితే కొత్తవే వేయాలి. అవి డజన్ల లెక్కన ఉంటాయి.

2008లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎన్63 వీ8 ఇంజనులో టర్బోలను రెండు సిలిండర్ల వరసల నడుమ ఇరికించారు. వేడంతా అక్కడే పోగై, ఆయిలు తాగడం మొదలుపెట్టి, బ్యాటరీలను కూడా అవస్థ పెట్టింది. చివరికి 2014లో కంపెనీయే అమెరికాలో ఈ ఇంజను యజమానుల కోసం కస్టమర్ కేర్ ప్యాకేజీ పేరుతో మరమ్మతులు చేసిపెట్టింది. గేర్‌బాక్సు ఆయిలుదీ ఓ కథే. అది బండి జీవితాంతం మార్చక్కర్లేదని కార్ల కంపెనీ చెబుతుంది. ఆ గేర్‌బాక్సును తయారుచేసిన జెడ్ఎఫ్ కంపెనీ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. కార్ల కంపెనీ అబద్ధమాడలేదు. ఆయిలు మార్చని గేర్‌బాక్సుకు జీవితం ముగిసేది కూడా దాదాపు అప్పుడే.

చాలా డీజిలు బండ్లకు యూరియా కూడా కావాలి. అడ్‌బ్లూ అనే ద్రవంలో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీరు. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను అది నైట్రోజన్‌గానూ నీటి ఆవిరిగానూ మారుస్తుంది. ట్యాంకు అడుగంటుతుంటే ఇంకెన్ని కిలోమీటర్లు నడుస్తుందో మీటరులో రోజూ తగ్గుతూ కనిపిస్తుంది. సున్నా వచ్చాక ఇంజను ఒకసారి ఆపితే మళ్ళీ స్టార్టు కాదు. సొసైటీ ముందు యూరియా కోసం చెప్పులు వరసలో పెట్టి నిలబడ్డ రైతు, ఖరీదైన కారు యజమాని ఒకే ఎరువు కోసం ఆందోళన పడే సందర్భం ఇదొక్కటే. పొలం యూరియా నీళ్ళలో కలిపి పోస్తే మాత్రం పని జరగదు. అడ్‌బ్లూ చౌకే. దాన్ని చిమ్మే ఇంజెక్టరు, పొగను వాసన చూసే నాక్స్ సెన్సారు చౌక కాదు.

పొగగొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరుకు వేరే కోరిక ఉంది. పట్టిన మసి కాలిపోవాలంటే అది ఇంచుమించు 600 డిగ్రీల దాకా వేడెక్కాలి. అందుకు బండి కాసేపు ఆగకుండా, ఓ మోస్తరు వేగంతో పోవాలి. ఆటోబాన్ ఉన్న దేశంలో ఆ పని ఆఫీసుకు వెళ్ళేలోపే అయిపోతుంది. హైదరాబాదులో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి పాకుతూ వెళ్ళే బండికి ఎన్నేళ్ళకూ కాదు. డీపీఎఫ్ హెచ్చరిక దీపం వెలిగినవారు ఆదివారం ఉదయం 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డెక్కి, ఏ పనీ లేకుండా, డీజిలు కాల్చి మసి వదిలించుకుని వస్తారు. ఇంట్లోవాళ్ళు దాన్ని షికారు అనుకుంటారు.

టైర్లు, బ్రేకుల సంగతి క్లుప్తంగా. రన్‌ఫ్లాట్ టైరు పంక్చరయ్యాక కూడా గంటకు 80 కిలోమీటర్ల వేగానికి మించకుండా ఓ 80 కిలోమీటర్లు నడుస్తుంది. అందుకని చాలా బండ్లలో స్టెప్నీ ఉండదు. శ్రీశైలం అడవిలో పంక్చరైనవారికి ఈ ఏర్పాటులోని లోతు అర్థమవుతుంది. బ్రేకు ప్యాడు అరిగిందని చెప్పే సెన్సారు తానూ అరిగి, తెగి, ఆ కబురు చెబుతుంది, కాబట్టి ప్యాడ్లతోపాటు దానికీ డబ్బు కట్టాలి. పైకప్పు అద్దం చుట్టూ వాన నీళ్ళు పోయే సన్నని గొట్టాలుంటాయి. వేపచెట్టు కింద ఆపిన బండిలో అవి ఆకులతో పూడిపోతే నీళ్ళు లోపలికే దిగుతాయి. చాలా మోడళ్ళలో బ్యాటరీ, కొన్ని కంప్యూటరు పెట్టెలు డిక్కీ అడుగునే ఉంటాయి. ఆ తరవాత బండి రకరకాల దీపాలు తనకు తానే వెలిగించుకుంటుంది.

ఇంత చదివి బయటి మెకానిక్కులు లేరా అంటే ఉన్నారు. హైదరాబాదులో జర్మన్ కార్లనే చూసే గ్యారేజీలున్నాయి. అక్కడ మెకానిక్ మొదట స్పానరు తీయడు, ల్యాప్‌టాప్ తెరుస్తాడు. ఈ కార్ల భాగాలను బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ సొంతంగా చేసుకునేది తక్కువ; బాష్, మాలే, లెమ్‌ఫోర్డర్, కాంటినెంటల్ వంటివారు చేసిస్తారు. అదే భాగం వాళ్ళ సొంత డబ్బాలో చవగ్గా దొరుకుతుంది. లెమ్‌ఫోర్డర్ డబ్బాలో వచ్చిన సస్పెన్షన్ ఆర్మును తిప్పి చూస్తే, బీఎండబ్ల్యూ ముద్ర ఉండాల్సిన చోట లోహాన్ని గీకేసిన మచ్చ కనిపిస్తుంది. సర్వీస్ సెంటరులో అదనంగా కట్టే డబ్బులో కొంత ఆ గీకని ముద్రకే.

పాతది కొనాలనే ముచ్చట తీరనివారికి నాలుగు మాటలు. సర్వీసు రికార్డు లేని బండిని ఎంత తక్కువకిచ్చినా కొనవద్దు. కంపెనీ వారంటీ తీరకముందే పొడిగింపు తీసుకోవాలి. తీరాక అడిగితే చాలాచోట్ల తనిఖీ పెడతారు, లేదా ఇవ్వరు. బీమాలో జీరో డిప్రిసియేషన్‌తో పాటు ఇంజన్ ప్రొటెక్షన్ కూడా ఉండాలి. 2020 అక్టోబరు వానల్లో హైదరాబాదులో మునిగిన కార్ల మాదిరిగా ఇంజనులోకి నీళ్ళు పోతే మామూలు పాలసీ సాధారణంగా పైసా ఇవ్వదు. చివరిగా, అమ్మేవారు సాయంత్రం వచ్చి చూడమంటే పొద్దున్నే వస్తామని చెప్పండి. వాళ్ళు స్టార్టు చేయకముందే వెళ్ళి, నాలుగు చక్రాల మీదా బండి ఒకే ఎత్తున నిలబడి ఉందో లేదో చూసుకోండి.