ఊరు లేని సంతకం

2019 సెప్టెంబర్ 16న, నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ సాయంత్రం హైదరాబాద్‌లో మా వీధంతా మిఠాయిలు పంచాను. నా సంతకమే గెలిచిందనుకున్నాను. ఆగస్టంతా ఆ తవ్వకాలు వద్దనే ఆన్‌లైన్ పిటిషన్ మీదే నా ధ్యాస. నేను పెట్టి, చుట్టాలందరి చేతా పెట్టించాను. అంకె పెరిగిందా అని అర్ధరాత్రి లేచి చూసుకునేదాన్ని.

దసరాకి పదర మండలంలో ఉండే మేనత్త దగ్గరికి వెళ్లినప్పుడు అదే గర్వంగా చెప్పాను. "ఆ కాయితం ఎవరి చేతికిచ్చిండ్రు బిడ్డా?" అంది. దెప్పడానికి కాదు, తెలియకే అడిగింది. నాకూ తెలియదు. నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో 83 చదరపు కిలోమీటర్ల యురేనియం సర్వేకి ఆ ఏడాది మే నెలలో సూత్రప్రాయంగా తలూపింది కేంద్ర అటవీ సలహా కమిటీ. నా వినతి ఢిల్లీకి పోతుందో హైదరాబాద్‌లోనే ఆగుతుందో ఒక్కసారీ చదవలేదు.

అత్త వాళ్లు గ్రామసభ పెట్టి తీర్మానం రాశారు. బంద్ చేశారు. శ్రీశైలం రోడ్డు మీద బైఠాయించారు. "ఓట్లకు మా వాకిట్లకే రావాలె గద, గందుకే ఎమ్మెల్యేకు మొకం మీద చెప్పినం" అంది.

ఆన్‌లైన్ సంతకాలు వృథా అనను. సినిమావాళ్లు గొంతు కలపడానికి, ఊరి గొడవ పట్నం పేపర్లకెక్కడానికి అవీ తోడయ్యాయి. కానీ బ్రిటన్‌లో పార్లమెంటు సొంత సైట్‌లోనే, ఏ నియోజకవర్గం నుంచి ఎందరో లెక్కతో సహా, బ్రెగ్జిట్ వద్దని 2019లో 60 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. సభలో చర్చ జరిగింది. 2020 జనవరి 31న ఆ దేశం యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చేసింది. మరి లెక్కే లేని నా సంతకాన్ని ఏ ఎమ్మెల్యే తనదనుకుంటాడు? తవ్వకాలు వద్దని తీర్మానించిన శాసనసభలో మా ఎమ్మెల్యేకీ ఓ కుర్చీ ఉంది. అన్ని రోజుల్లో ఆయనకి ఒక్క ఉత్తరం రాయలేదు, ఒక్క ఫోన్ చేయలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

అత్త ట్రంకుపెట్టె తీసి తీర్మానం జిరాక్సు చూపించింది. ఆమె వేలిముద్ర పక్కన ఊరి పేరు, వార్డు నంబరు ఉన్నాయి. నా పిటిషన్‌లోనూ ఊరి పేరుకి ఒక గడి ఉంది. తప్పనిసరి కాదంటే ఖాళీగా వదిలేశాను.