‘సీసీకేడబ్ల్యూ’కు టీకా తాత్పర్యం

మూలం

ట్రక్, 2½ టన్, 6×6, కార్గో;
జీఎంసీ సీసీకేడబ్ల్యూ-353.

అవతారిక

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం 1941 మొదలు 1945 వరకు ఐదు లక్షలకు పైగా తయారైన జీఎంసీ సరకు లారీని గూర్చిన ఈ సూత్రం, పాత సైనిక వాహనాలను సేకరించి బాగుచేసుకొనే ఔత్సాహికుల సంప్రదాయంలో నిత్యపారాయణకు నోచుకొన్నది. సూత్రానికి అల్పాక్షరత్వమూ అసందిగ్ధతా రెండూ ఉండాలని పెద్దలు చెప్పగా, ఇందులో మొదటి గుణం పుష్కలంగా ఉండి రెండోది బొత్తిగా లోపించినందున టీక అవసరమైనది.

ప్రతిపదార్థం

ట్రక్ = లారీ; 2½ టన్ = రోడ్డు లేని నేల మీద రెండున్నర టన్నుల బరువు మోయదగినది; 6×6 = మొత్తం చక్రాలు ఆరు కాగా ఆ ఆరింటికీ ఇంజను శక్తి అందునది; కార్గో = సరకుల రవాణాకు ఉద్దేశింపబడినది; సీ = 1941 నాటి నమూనా అయినది; సీ = ఇంజను ముందు, డ్రైవరు గది దాని వెనుక ఉండు సాధారణపు క్యాబు కలది; కే = ముందు చక్రాలు కూడా బండిని లాగునది; డబ్ల్యూ = వెనుకనున్న రెండు ఇరుసులూ బండిని నెట్టునది; 353 = ముందు ఇరుసు నుండి వెనుక జంట ఇరుసుల నడిమి వరకు 164 అంగుళాల దూరం కలది. ఈ దూరం 145 అంగుళాలే ఉన్న పొట్టి బండి 352 అనబడును.

తాత్పర్యం

బురదలో దిగబడకుండా సరకు మోసే లారీ అని భావం.

శంకాసమాధానాలు

నేలను తాకే టైర్లు పది కనిపిస్తూ ఉండగా ఆరని చెప్పడం ప్రత్యక్షవిరోధం కాదా అని శంక. కాదు, వెనుక ఇరుసుల కొసలకు జంటగా బిగించిన టైర్లను ఒకే చక్రంగా లెక్కించడం ఈ శాస్త్రపు పరిభాష కనుక దోషం లేదు.

మొదటి ‘సీ’ 1941ని చెప్పేటట్లయితే 1944లో తయారైన బండికీ అదే అక్షరం ఎలా చెల్లుతుందని మరొక శంక. ఆ అక్షరం నమూనా పుట్టిన ఏటిని చెబుతుందే గాని బండి పుట్టిన ఏటిని చెప్పదు. 1939 నాటి నమూనాకు ‘ఏ’, 1942 నాటి నమూనాకు ‘డీ’ అని వరుస. అందుచేతనే అదే వంశంలో నీటిలోనూ నేల మీదా నడిచే బండి డీయూకేడబ్ల్యూ అయింది. దానిని సైనికులు ‘డక్’ అని పిలవడం అక్షరాలకూ స్వభావానికీ ఒకేసారి కుదిరిన అరుదైన యోగం.

డాడ్జ్ వివాదం

డాడ్జ్ కంపెనీవారి ‘డబ్ల్యూసీ’ బండ్ల విషయంలో వ్యాఖ్యాతలు రెండు పక్షాలుగా చీలిపోయారు. ఆ రెండక్షరాలూ ‘వెపన్స్ కారియర్’, అనగా ఆయుధవాహకం, అనే మాటకు సంక్షేపమని పూర్వపక్షం. డబ్ల్యూసీ-51ని సైన్యమే అధికారికంగా అలా పిలిచిందని వారు చూపే ప్రమాణం. అయితే డబ్ల్యూసీ-54 అంబులెన్సు, డబ్ల్యూసీ-56 అధికారులు తిరిగే కమాండ్ కారు. క్షతగాత్రులను మోసే బండిని ఆయుధవాహకమనడం పొసగదు. పైగా 1940 నాటి డాడ్జ్ బండ్ల పేరు ‘వీసీ’. కాబట్టి ‘వీ’ తరువాతి ‘డబ్ల్యూ’ 1941ని, ‘సీ’ అరటన్ను తరగతిని చెప్పే కంపెనీ సంకేతాలని సిద్ధాంతం.

ఇక్కడ సిద్ధాంతికీ ఒక చిక్కు ఉంది. కంపెనీవారు తరువాత ముప్పాతిక టన్ను బండ్లకూ ఒకటిన్నర టన్నుల ఆరు చక్రాల బండ్లకూ ‘డబ్ల్యూసీ’ అనే పేరునే కొనసాగించినందున, ‘సీ’ తన అర్థాన్ని పోగొట్టుకొని పేరుగా మాత్రమే మిగిలింది. అవయవాల నుండి తేలే యోగార్థం పోయి, వాడుకలో స్థిరపడిన రూఢ్యర్థమే నిలిచిందన్నమాట. అర్థం ఖాళీ చేసిన ఆ చోటులోకే ‘ఆయుధవాహకం’ కాపురం వచ్చింది కనుక పూర్వపక్షాన్ని ఖండించవచ్చునే గాని నిందించరాదు.

మతత్రయం

ఒకే బండిని మూడు మతాలు మూడు విధాల పేర్కొంటాయి. కర్మాగార మతంలో అది సీసీకేడబ్ల్యూ. 1942లో లారీల బాధ్యతను క్వార్టర్‌మాస్టర్ శాఖ నుండి స్వీకరించిన ఆర్డ్‌నెన్స్ శాఖ మతంలో అది జీ-508. విడిభాగాల పట్టికల కోసం ఏర్పడిన ఈ వరుసలో జీపు జీ-503, ముప్పాతిక టన్ను డాడ్జ్ జీ-502. లోకవ్యవహారంలోనైతే జీఎంసీ అనే ఉచ్చారణ నుండి ‘జిమ్మీ’, బరువును బట్టి ‘డ్యూస్ అండ్ ఎ హాఫ్’ అనేవి దాని పేర్లు. ఈ రెండో బిరుదు యుద్ధం తరువాత వచ్చిన ఎం-35కు కూడా సంక్రమించినందున, ఏ తరం బండో అడగనిదే సంభాషణ సాగదు.

ఈ మూడింటిలో ఔత్సాహికునికి పరమప్రమాణం ఏది? మొదటిది బండి ఎలా పుట్టిందో, మూడోది దానిని నడిపినవారు ఎలా పిలిచారో చెబుతాయి. నేడు అతని నిత్యచింత విడిభాగం కనుక, సొగసు ఏమాత్రం లేని జీ-సంఖ్యయే అతనికి శరణ్యం. అదైనా సంపూర్ణం కాదు. సీసీకేడబ్ల్యూలలో కొన్నింటికి నడుమ గుండ్రని గూడు గల ‘బాంజో’ ఇరుసులు, మరికొన్నింటికి రెండు భాగాలుగా విడదీయదగిన టిమ్కెన్ వారి ‘స్ప్లిట్’ ఇరుసులు ఉండగా, జీ-508 ఆ రెండింటినీ ఒకే గొడుగు కింద చేర్చింది. ఈ భేదం సూత్రంలో లేదు, సంఖ్యలో లేదు, ముద్దుపేరులోనూ లేదు. బండి కిందికి దూరి చూసినవారికే తెలుస్తుంది. శబ్దప్రమాణం ముగిసిన చోట ప్రత్యక్షప్రమాణం మొదలవుతుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఫలశ్రుతి

ఈ టీకను శ్రద్ధగా చదివినవారు డబ్ల్యూసీకి తప్పుడు అర్థం చెప్పి సభలో నవ్వులపాలు కారు. బండి కిందికి దూరి, చదివినది సరిచూసుకొన్నవారు స్ప్లిట్ ఇరుసుకు బాంజో సామాను తెప్పించి రెండుసార్లు రవాణా ఖర్చు కట్టరు.