ఆధార్ తియ్యమ్మా: సటీకా తాత్పర్యం

మూలం: "ఆధార్ తియ్యమ్మా."

టీక: సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం బస్సుల్లో కండక్టర్లు పలికే సూత్రమిది. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలైన నాటినుంచి ప్రచారంలోకి వచ్చింది. 'అమ్మా' అనేది సంబోధన. దీనికి వయోభేదం లేదు. 'తియ్యి' అనగా బ్యాగు అడుగునుంచి అని అధ్యాహారం. జీరో టికెట్టు కావలెనన్న తెలంగాణ నివాసివని రుజువు చేయుము అని ఫలితార్థం. చిక్కంతా ఇక్కడే. 2016 నాటి ఆధార్ చట్టం తొమ్మిదో సెక్షను ఆ సంఖ్య తనంతట తాను పౌరసత్వానికి గానీ స్థిరనివాసానికి గానీ రుజువు కాదంటుంది. నమోదుకు కావలసింది గడచిన పన్నెండు నెలల్లో 182 రోజులు దేశంలో ఉండడమే. ఏ రాష్ట్రమని చట్టం అడగదు. అంటే కార్డు చెప్పనన్నదాన్నే కండక్టరు చెప్పించుకుంటున్నాడు. అయినా సరైన వ్యాఖ్యాత ఆయనే అని మా పక్షం. మనిషి ఎవరో తేల్చే పని ఆయన పెట్టుకోడు. చిరునామా వరుస ఒకటి చదివి, టికెట్టుకు సరిపడా అర్థం తీసుకుని ముందు సీటుకు పోతాడు.

విశేషం: 'ఇబ్రహీంపట్నం' శ్లేష. రంగారెడ్డి జిల్లాలో ఒకటి, జగిత్యాల జిల్లాలో ఒకటి, విజయవాడ పక్కన ఎన్టీఆర్ జిల్లాలో మరొకటి. దేశంలో తొలి ఆధార్ 2010 సెప్టెంబరులో మహారాష్ట్రలోని తెంభ్లి గ్రామంలో ఇచ్చారు. తెలంగాణ ఏర్పడింది 2014 జూన్ 2న. ఈ నడిమి కాలంలో రంగారెడ్డి జిల్లాలోని మన ఇబ్రహీంపట్నంలో తీసుకున్న కార్డుల మీద రాష్ట్రం ఆంధ్రప్రదేశే. ఊరి పేరూ రాష్ట్రం పేరూ కలిసి అలాంటి కార్డున్న ప్రయాణికురాలిని కృష్ణ ఒడ్డుకు లాగుతుంటే అన్వయం కుదిర్చేది పిన్‌కోడు: 501506 అయితే మన పట్నం, 521456 అయితే అవతలిది. కార్డు మార్పించుకోవచ్చు కదా అంటారు. నిజమే, కాని ఊరు కదలని మనిషి చిరునామా మార్పుకు వరుసలో నిలబడడమేమిటో ఏ వ్యాకరణమూ చెప్పదు.

ఆక్షేపం: ఇక్కడి ఇంజినీరింగు కాలేజీ హాస్టల్లో నాలుగేళ్లుగా ఉంటున్న గుంటూరు పిల్ల టికెట్టు కొంటుంది, పుణె వెళ్లి స్థిరపడి కార్డు మార్చుకోని ఇల్లాలు పండక్కొచ్చి ఉచితంగా తిరుగుతుంది. ఇదేం వ్యాఖ్యానం? బలమైన ఆక్షేపమే, కాదనం. కాని దీన్ని సరిచేయాలంటే కండక్టరు ఒక్కొక్కరి కాపురం ఎక్కడో విచారించాలి. కార్డును అలా లోతుగా చదివినవాళ్లున్నారు. 2020 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ హైదరాబాదు కార్యాలయం 127 మందికి నోటీసులిచ్చింది, పౌరులమని రుజువులు తెమ్మంది. గొడవయ్యాక అదే సంస్థ ఆధార్‌కూ పౌరసత్వానికీ సంబంధం లేదని ప్రకటన చేసుకోవలసి వచ్చింది. పైపైన చదివితే గుంటూరు పిల్లకు పోయేది బస్సు ఛార్జీ. ఆ నోటీసులందుకున్నవాళ్లు కాగితాలు పట్టుకుని విచారణాధికారి ముందుకు రావలసినవాళ్లు.