జైల్లో ఉన్నా జడ్జిగారే

అమెరికాలో ఫెడరల్ జడ్జి ఉద్యోగం దొరకడం కష్టం. పోవడం అంతకన్నా కష్టం. అధ్యక్షుడు పేరు పంపి, సెనేట్ సరేనంటే చాలు, ఆ తరవాత రిటైర్మెంటు వయసు లేదు, పనితీరుకు మార్కులు లేవు. సత్ప్రవర్తన ఉన్నంతకాలం పదవి ఉంటుందని, పదవి ఉన్నంతకాలం జీతం తగ్గించకూడదని రాజ్యాంగం మూడో అధికరణంలో రాసిపెట్టారు. తీర్పు నచ్చని పాలకుడు జడ్జి పొట్ట కొట్టకుండా పెద్దలు వేసిన కట్టుదిట్టం అది. ఉద్దేశం మంచిదే. కానీ ప్రవర్తన చెడిందని తేల్చడానికి జైలుశిక్ష కూడా చాలదు. ప్రతినిధుల సభ అభిశంసించాలి, సెనేట్‌లో మూడింట రెండు వంతుల మంది ఔననాలి. అప్పటిదాకా మనిషి కటకటాల వెనకున్నా జీతం ఖాతాలో పడాల్సిందే. నెవాడా జడ్జి హ్యారీ క్లెయిబోర్న్ దొంగ ఆదాయపన్ను లెక్కలు చూపి 1986లో జైలుకెళ్ళి, అక్కడినుంచే జీతం తీసుకున్నారు. రాజీనామా చెయ్యమంటే చెయ్యనన్నారు.

ఇక శామ్యూల్ కెంట్ గారి సంగతి. పెద్ద బుష్ 1990లో ఈయన్ని టెక్సస్ తీరంలోని గాల్వెస్టన్ దీవికి జడ్జిగా వేశారు. అక్కడి ఫెడరల్ కోర్టుకు ఈయనొక్కరే జడ్జి. పక్క గదిలో సాటి జడ్జి అంటూ ఎవరూ లేరు. ఫిర్యాదు చేద్దామన్నా, సలహా అడుగుదామన్నా, కనీసం గొణుక్కుందామన్నా ఆ భవనంలో ఉన్న న్యాయం ఈయనే.

జడ్జిగారికి హాస్యం జాస్తి. ఓ ఇన్సూరెన్స్ కంపెనీ తన కేసును హ్యూస్టన్‌కు మార్చమని, గాల్వెస్టన్‌కు విమానాల్లేవని మొరపెట్టుకుంది. రోడ్డు చివరిదాకా చక్కగా వేసుందనీ, దీపాలు కూడా ఉన్నాయనీ, దారిలో పశువుల దొంగలూ క్రూరమృగాలూ తగలవనీ ఉత్తర్వులో అభయమిచ్చారు. అది 1996 మాట. 2001లో, ఓడ మీద దెబ్బ తగిలిన పనివాడు వేసిన దావాలో ఇరుపక్షాల లాయర్ల రాతలూ పిల్లలు రంగు క్రేయాన్లతో, పులుసు మరకల కాగితం వెనక గీకినట్టున్నాయని దులిపేశారు. అందులో ఫిలిప్స్ అనే కంపెనీ మీద వేసిన దావా కొట్టేశారు. పనివాడి మాట ఎవరికీ గుర్తులేదు గానీ ఆ తీర్పును మాత్రం దేశమంతా లాయర్లు ఒకరికొకరు పంపుకుని నవ్వుకున్నారు. నిజం చెప్పాలంటే నాకూ నవ్వొచ్చింది. కాకపోతే గౌను తొడుక్కున్నవాడు జోకేస్తే కింద నిలబడ్డవాడు నవ్వక చస్తాడా? తిరిగి జోకేస్తే కోర్టు ధిక్కారం. అలా ఏళ్ళ తరబడి ఎదురుమాట వినని మనిషికి తను ఏం చేసినా చెల్లుతుందనిపించడంలో వింతేముంది?

చెల్లుతుందనే అనుకున్నారు. తన దగ్గర పనిచేసే ఇద్దరు మహిళా ఉద్యోగుల మీద, వాళ్ళు వద్దంటున్నా, చేతులేశారు. ఒకామె 2007 మేలో ధైర్యం చేసి ఫిర్యాదిచ్చింది. ఫిర్యాదు ఎవరికి? పై కోర్టు జడ్జీలకే. జడ్జి తప్పు చేస్తే తోటి జడ్జీలే విచారిస్తారు, అదీ చట్టమే. ఆ పెద్దలు నాలుగు నెలలు ఆలోచించి సెప్టెంబరులో కఠినశిక్ష ప్రకటించారు. ఒక మందలింపు. నాలుగు నెలల సెలవు, పూర్తి జీతంతో. ఆ పైన హ్యూస్టన్‌కు బదిలీ. మన దగ్గర గుమాస్తా తప్పు చేస్తే ఏ మన్యానికో తోలుతారు, ఈయన్ని దీవి నుంచి మహానగరానికి పంపారు. రోడ్డు బాగానే ఉందని ఆయనే చెప్పి ఉన్నారు కదా.

ఆ పెద్దల విచారణలోనే జడ్జిగారు అబద్ధమాడారు. చివరికి దొరికింది అందుకే. 2008 ఆగస్టులో నేరాభియోగాలు నమోదయ్యాయి. 2009 ఫిబ్రవరిలో, జ్యూరీని ఎంపిక చేయాల్సిన ఉదయం, న్యాయప్రక్రియకు అడ్డం పడ్డానని ఒప్పుకున్నారు, ఇద్దరు మహిళలనూ వాళ్ళ ఇష్టం లేకుండా తాకానని కూడా. బదులుగా లైంగిక నేరాల అభియోగాలు ఐదూ ఎగిరిపోయాయి. తన కోర్టు మెట్లెక్కినవాళ్ళకు చట్టం చెప్పిన పెద్దమనిషికి బేరం కూడా బాగానే తెలుసు. మేలో 33 నెలల జైలు వేశారు.

అసలు చాతుర్యం ఇక్కడినుంచి మొదలు. వయసు 65 నిండలేదు గనక మామూలు పెన్షను రాదు. దాంతో ఆరోగ్యం చెడిందని, అశక్తుడిగా రిటైర్ చేయమని అర్జీ పెట్టారు. ఒప్పుకుని ఉంటే జీవితాంతం జీతం! పై కోర్టు ప్రధాన జడ్జి ఈడిత్ జోన్స్ కుదరదన్నారు. అప్పుడు రాజీనామా రాశారు, వెంటనే దిగిపోతానని కాదు, 2010 జూన్ 1న దిగిపోతానని. ఏడాది ముందే తారీకు వేసి చెక్కు రాయడం విన్నాం గానీ, రాజీనామా రాయడం ఇదే వినడం. ఏడాదికి 1,74,000 డాలర్లు జైలుగదికి నడిచొస్తాయన్నమాట.

ప్రతినిధుల సభకు అరికాలిమంట నెత్తికెక్కింది. ఆ ఇద్దరు మహిళలూ కమిటీ ముందుకొచ్చి అందరూ చూస్తుండగా తమ మీద జరిగినదంతా చెప్పారు. జడ్జిగారు మాత్రం రాలేదు. జూన్ 19న అభిశంసన నెగ్గింది, ఒక్కరు కూడా వ్యతిరేకించలేదు. అభిశంసన అభియోగాల మీద సెనేట్ సమన్లు పట్టుకుని అధికారులు మసాచుసెట్స్‌లోని డెవెన్స్ జైలుకు వెళ్తే, ఆయన అక్కడికక్కడే జూన్ 30 తారీకుతో కొత్త రాజీనామా చేతిలో పెట్టారు. ముద్దాయి దిగిపోయాడు కాబట్టి విచారణ అనవసరమని జులైలో సెనేట్ ఫైలు మూసేసింది. కాబట్టి సెనేట్ తొలగించిన జడ్జీల జాబితాలో వెతికితే కెంట్ గారి పేరు కనపడదు.

ఆయన జైల్లో అడుగుపెట్టింది జూన్ 15న. నెలాఖరు దాకా పదహారు రోజులు ఖైదీగానూ, జడ్జిగానూ ఉన్నారు. పన్నులు పక్కనబెట్టి ఆ రోజుల జీతం లెక్కేస్తే 7,627 డాలర్లు. కోర్టు వేసిన జరిమానా వెయ్యి, ఇద్దరు బాధితులకూ కలిపి కట్టమన్నది 6,550. ఇవన్నీ పోను జడ్జిగారికి డెబ్బై ఏడు డాలర్లు మిగులు.