తీగ కోస్తే ఓనరు కదిలె!

తీగ లాగితే డొంక కదులుతుందన్నది పాత మాట. తీగ కోస్తే ఓనరు కదులుతాడన్నది 2025 ఆగస్టులో హైదరాబాద్‌ కనిపెట్టిన మాట.

రామంతాపూర్‌ విద్యుత్‌ ప్రమాదం తర్వాత కరెంటు సిబ్బంది స్తంభాలెక్కి, వాటికి వేలాడే ఇంటర్నెట్‌ కేబుళ్లు కత్తిరించారు. నెట్‌ పోయింది. పంచాయితీ హైకోర్టుకెక్కింది. ఏ తీగచుట్ట ఎవరిదో ఆ స్తంభానికే తెలియదు మరి!

లింగంపల్లిలో ఎంఎంటీఎస్‌ రైలెక్కి హైటెక్‌ సిటీలో దిగే ఇంజనీరు, ఏడు సముద్రాల అవతల రౌటర్‌ తుమ్మినా తెరమీద చూసి చెప్పేస్తాడు. సొంత గల్లీ తీగ సంగతి అడిగితే పైకి చూసి తల గోక్కుంటాడు.

పాపం, తప్పు ఆయనది కాదు. నెట్‌వర్క్‌ను చూసుకునే సాఫ్ట్‌వేర్‌ కొద్ది నిమిషాలకోసారి ‘ఉన్నావా?’ అని అడుగుతుంది. కరెంటు తాగే రౌటర్‌ ‘ఆ’ అంటుంది. కరెంటు అక్కర్లేని ఫైబర్‌, దాన్ని ఇంటింటికీ పంచే స్ప్లిటర్‌ పుట్టుమూగలు. వాటి చిరునామా మనిషే రాయాలి. మార్చినప్పుడల్లా మళ్లీ రాయాలి.

మనిషేమో ‘సాయంత్రం అప్‌డేట్‌ చేస్తా’ అంటాడు. ఏ సాయంత్రమో అనడు.

నేలలోని తీగలకైతే కేంద్రం 2023 మార్చిలో ‘కాల్‌ బిఫోర్‌ యు డిగ్‌’ యాప్‌ తెచ్చింది. అడక్కుండా తవ్వేయడంతో ఏటా సుమారు 3,000 కోట్ల రూపాయల నష్టమని సర్కారు లెక్క.

జేసీబీకి యాప్‌తో పనేముంది? ఒక్క గీరు గీరితే చాలు. అరగంటలో కంపెనీ పేరు, ఫోన్‌ నంబరు, తిట్లతో సహా తాజా సమాచారం గోతి దగ్గరికే వస్తుంది.